ట్రేడ్ గొడవ వేరు, వదిన లేచి వెళ్ళిపోయిన గొడవ వేరు

డాలస్ పక్కన ఇర్వింగ్ నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరమే రాశారు. అమెరికా వెళ్ళి పద్నాలుగేళ్ళయింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పదిహేనేళ్ళ కొడుకు. వెళ్ళిన ఏడాదే డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మీద అభిమానం పట్టుకుంది, ఇక వదల్లేదు. తోడల్లుడు హ్యూస్టన్ దగ్గర కేటీలో ఉంటారు. ఆయనది హ్యూస్టన్ టెక్సన్స్ జట్టు. ఈయన ఆయన్ని అన్నయ్య అనీ, ఆయన భార్యని వదిన అనీ పిలుస్తారు. జట్ల పేరు చెప్పి ఇద్దరూ పదేళ్ళుగా ఒకరినొకరు ఆటపట్టించుకుంటూనే ఉన్నారు. 2025 సెప్టెంబరు 28న కౌబాయ్స్, గ్రీన్ బే ప్యాకర్స్ ఆట 40–40తో సమంగా ముగిసిన రాత్రి రెండు కుటుంబాలూ ఒకే సోఫా మీద కూర్చుని చూశాయట.

మొన్న మెమోరియల్ డే సెలవులకి కేటీ వాళ్ళు ఇర్వింగ్ వచ్చారు. రాత్రి భోజనాల దగ్గర మైకా పార్సన్స్ ట్రేడ్ మాట వచ్చింది, అంటే కౌబాయ్స్ ఆ డిఫెన్స్ ఆటగాణ్ణి ప్యాకర్స్‌కి ఇచ్చి మారకం తీసుకున్న సంగతి. "రెండు పిక్‌లకి వదిలేసుకున్నారు, మీ ఓనరుకి లెక్కలు రావు" అన్నారు అన్నయ్య. పిక్ అంటే ఏటా జరిగే డ్రాఫ్ట్‌లో కొత్త ఆటగాణ్ణి ఎంచుకునే వంతు. "మీరు డెషాన్ వాట్సన్‌ని వదిలించుకోలేదా" అన్నారు ఈయన. వాట్సన్ టెక్సన్స్ పాత క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపే ఆటగాడు. అక్కణ్ణుంచి మాట సస్పెన్షన్ల మీదికి మళ్ళింది. అప్పటిదాకా పిల్లలకి పెరుగన్నం కలుపుతున్న వదిన ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "పదిహేను వందల డాలర్ల పందెం కాసినందుకు కాల్విన్ రిడ్లీకి ఏడాది శిక్ష. అంతమంది ఆడవాళ్ళు ఫిర్యాదు చేస్తే వాట్సన్‌కి పదకొండు గేములేనా?" ఈయన వేడి మీద ఉన్నారు. "కోర్టే వదిలేసింది వదినా, వాళ్ళంతా డబ్బు కోసం వచ్చినవాళ్ళు" అనేశారు.

వదిన ఫిజికల్ థెరపిస్టు. వాట్సన్ లైంగికంగా వేధించాడని ఫిర్యాదు చేసినవాళ్ళు మసాజ్ థెరపిస్టులు. ఆవిడ గిన్నె అక్కడే పెట్టి, చెయ్యి కడుక్కుని, పైగదిలోకి వెళ్ళిపోయారు. తెల్లారేసరికి కేటీకి బయల్దేరిపోయారు. జులై 4 ప్రయాణం రద్దయింది. ఇంట్లో భార్య ముభావంగా ఉంటున్నారు. వదిన సున్నుండలు తెచ్చిన స్టీలు డబ్బా ఇంకా వంటగది గట్టు మీదే ఉందట. పన్నెండు మంది బంధుమిత్రులు తలా వంద డాలర్లు వేసుకుని, నిజం ఆటగాళ్ళతో ఊహా జట్లు కట్టుకుని ఆడే ఫాంటసీ లీగ్‌కి ఈయనే కమిషనర్, అంటే నిర్వాహకుడు. ఆగస్టు చివర్లో ఆటగాళ్ళని పంచుకునే డ్రాఫ్ట్. అన్నయ్య ఆడతానని గాని మానతానని గాని చెప్పలేదు. "ట్రేడ్ విషయంలో నాది తప్పా? ఆటగాడి శిక్ష గురించి నా అభిప్రాయం చెప్పకూడదా? ఇది ఎలా సర్దుకోవాలి? లీగ్ వదిలేయనా?" అని అడుగుతున్నారు.

మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు గాని, మీ ఉత్తరంలో సగానికి పైగా ట్రేడ్ గురించే ఉంది. వదిన గురించి ఎనిమిది వాక్యాలు. మీ తికమక అక్కడే ఉందని నాకనిపిస్తోంది. ఆ రాత్రి మీ ఇంట్లో ఒకటి కాదు, రెండు గొడవలు జరిగాయి. ఒకటి లెక్కలది. దాన్ని ఎన్నాళ్ళైనా సాగదీసుకోవచ్చు, ఎవరికీ నష్టం లేదు. రెండోది ఒక మనిషికి తగిలిన దెబ్బ. మొదటిదాంట్లో మీరు గెలిచినా రెండోది ఒక్క అంగుళం కూడా కదలదు. అందుకని విడివిడిగా చూద్దాం. మీ మనసు దాని మీదే ఉంది కాబట్టి ముందు ట్రేడే తీసుకుంటాను.

2025 ఆగస్టు 28న కౌబాయ్స్ పార్సన్స్‌ని ప్యాకర్స్‌కి ఇచ్చి, 2026, 2027 ఫస్ట్ రౌండ్ పిక్‌లతో పాటు కెన్నీ క్లార్క్‌ని తీసుకుంది. క్లార్క్ మేటి ఆటగాళ్ళని ఎంచే ప్రో బౌల్‌కి మూడుసార్లు ఎంపికైన డిఫెన్సివ్ టాకిల్, అంటే డిఫెన్స్ ముందు వరసలో ఆడేవాడు. అంచేత "రెండు పిక్‌లకి" అన్న అన్నయ్య మాట సగమే నిజం. అదే వారంలో ప్యాకర్స్ పార్సన్స్‌కి నాలుగేళ్ళకి 188 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది, అంటే ఏడాదికి 47 మిలియన్లు. క్వార్టర్‌బ్యాక్ కాని ఆటగాడికి అప్పటిదాకా ఎవరూ అంత ఇవ్వలేదు.

"క్యాప్‌లో చోటు లేదు, అందుకే ఇచ్చేశారు" అన్నది మీ వాదన. దీన్ని అంకెల్లో పెట్టి చూడండి. 2025లో ఒక్కో జట్టుకి జీతాల పరిమితి, అదే క్యాప్, 279.2 మిలియన్లు. కౌబాయ్స్ ఆటగాళ్ళలో డాక్ ప్రెస్కాట్‌కి ఏడాదికి సగటున 60, సీడీ ల్యాంబ్‌కి 34. పార్సన్స్ 47 కలిపితే 141. సగటు లెక్కన ముగ్గురికే సగం పైన. మిగిలిన సగంతో యాభై మందిని పోషించాలి. ఇంతవరకు మీ వాదనకి బలం ఉంది.

కాని దీనికి రెండు గండ్లున్నాయి, అన్నయ్య వాటిని పట్టుకుంటే మీరు నిలబడలేరు. సగటు వేరు, ఆ ఏడాది క్యాప్ మీద పడే అంకె వేరు. జీతాన్ని సైనింగ్ బోనస్‌గా, అంటే సంతకానికి ఇచ్చే మొత్తంగా మారిస్తే డబ్బు ఆటగాడికి వెంటనే చేతికొస్తుంది, క్యాప్ మీద మాత్రం గరిష్ఠంగా అయిదేళ్ళకి సమానంగా పంచుతారు. పైగా పరిమితి ఏటా పెరుగుతోంది. 2024లో అది 255.4 మిలియన్లే. కాబట్టి చోటు చేసుకోవాలంటే చేసుకోగలిగేవారు.

రెండోది ఆలస్యం. మీరు అసలు ఒప్పుకోవలసింది ఇదే. 2025 మార్చిలో పార్సన్స్ లాంటి డిఫెన్స్ ఆటగాడే అయిన మ్యాక్స్ క్రాస్బీ ఏడాదికి 35.5 మిలియన్లకి సంతకం చేశాడు. అలాంటివాళ్ళే అదే నెలలో మైల్స్ గ్యారెట్ 40కి, జులైలో టీజే వాట్ 41కి. అంగట్లో ధర అలా ఎక్కుతుంటే కౌబాయ్స్ చేతులు కట్టుకుని కూర్చుంది. ఆగస్టు 1న పార్సన్స్ బాహాటంగా ట్రేడ్ అడిగాడు. ఏడాది ముందే తేల్చుకుని ఉంటే ఈ ధర పలికేది కాదు. "ట్రేడ్ చేయడం తప్పు కాకపోవచ్చు, అక్కడిదాకా రానివ్వడం తప్పు" అని మీరే ముందు ఒప్పుకుంటే, అన్నయ్య ఎత్తే కత్తికి పదును ఉండదు.

డెడ్ మనీ, అంటే వెళ్ళిపోయిన ఆటగాడి పేరున క్యాప్ మీద ఇంకా పడే డబ్బు గురించి మీరిద్దరూ పొరబడ్డారు. మామూలుగా ట్రేడ్ చేసినప్పుడు, ఆ ఆటగాడికి ఇచ్చిన సైనింగ్ బోనస్‌లో క్యాప్ మీద ఇంకా పడని వాటా అంతా పాత జట్టు నెత్తినే పడుతుంది. అయిదేళ్ళకి 25 మిలియన్ల బోనస్ ఇచ్చారనుకోండి, ఏడాదికి 5 చొప్పున లెక్క. రెండేళ్ళు గడిచాక ట్రేడ్ చేస్తే మిగిలిన 15 ఒక్కసారే మీద పడతాయి. జూన్ 1 దాటాక చేస్తే ఈ ఏడాది 5, వచ్చే ఏడాది 10. కొన్ని ట్రేడ్లు జూన్ దాకా ఆగేది అందుకే. పార్సన్స్‌ది వేరే సంగతి. అతను మొదటి కాంట్రాక్టులో అయిదో ఏడాది ఆప్షన్ మీద, అంటే జట్టు తన ఇష్టంతో పొడిగించుకున్న ఏడాదిలో ఉన్నాడు. అతని బోనస్ మొదటి నాలుగేళ్ళలోనే లెక్కకి పడిపోయింది. అందుకే కౌబాయ్స్‌కి ఆ బరువు లేదు. "డెడ్ మనీతో మునిగారు" అన్న అన్నయ్య మాట తప్పు. "జూన్ తర్వాత చేసి తెలివిగా తప్పించుకున్నారు" అన్న మీ మాట కూడా తప్పే.

పిక్‌ల సంగతి. డ్రాఫ్ట్‌లో వెనకబడ్డ జట్టుకే ముందు వంతు కాబట్టి, బాగా ఆడే జట్టు నుంచి వచ్చే ఫస్ట్ రౌండ్ పిక్ ఆ రౌండు చివర్లోకే జరుగుతుంది. ప్యాకర్స్ నుంచి 2026కి వచ్చింది 20వ స్థానం. పార్సన్స్‌ని 2021లో తీసుకున్నది 12వ స్థానంలో. ఆ తర్వాత 2025 నవంబరు 4న కౌబాయ్స్ ఒక 2027 ఫస్ట్ రౌండ్ పిక్, 2026 సెకండ్ రౌండ్ పిక్, మేజీ స్మిత్ అనే ఆటగాణ్ణి న్యూయార్క్ జెట్స్‌కి ఇచ్చి, డిఫెన్సివ్ టాకిల్ క్విన్నెన్ విలియమ్స్‌ని తెచ్చుకుంది. కాబట్టి పార్సన్స్ లెక్కలో ఇప్పుడు విలియమ్స్‌ని కూడా కలుపుకోవాలి. డిసెంబరులో పార్సన్స్ మోకాలి లిగమెంటు తెగింది. "చూశావా, మేమే నయం" అని మీరు గ్రూపులో పెట్టారట. అది మాత్రం వాదన కాదు. గాయం ఎవరూ ముందు చూసి ట్రేడ్ చెయ్యలేదు.

హెర్షల్ వాకర్ పేరు కూడా మీరు ఎత్తారు. 1989 అక్టోబరులో అతన్ని మిన్నెసోటాకి ఇచ్చి కౌబాయ్స్ తెచ్చుకున్న పిక్‌ల బలంతోనే ఎమిట్ స్మిత్ లాంటివాళ్ళు వచ్చిన మాట నిజమే. కాని సూపర్ బౌల్ కప్పు ఇంటికొచ్చింది 1993 జనవరిలో, మూడేళ్ళు దాటాక. మధ్యలో ఎవరు ఏం మాట్లాడినా ఊహే. మీ ఇద్దరి వాదన కూడా 2028 దాకా తేలదు. ఒక కాగితం మీద చెరో రెండు వాక్యాలు రాసి, తేదీ వేసి, వాట్సాప్ గ్రూపులో పిన్ చేసి పెట్టండి. అప్పటిదాకా ఆ వాదన అక్కడే ఉంటుంది, భోజనాల బల్ల మీదికి రాదు.

ఇక రెండో గొడవ. వదిన అడిగింది వెటకారం కాదు. మంచి ప్రశ్న, దానికి సరైన జవాబు కూడా ఉంది. మీరిచ్చింది అది కాదు.

2021 నవంబరులో జట్టుకి దూరంగా ఉన్న రోజుల్లో రిడ్లీ ఫుట్‌బాల్ ఆటల మీద పందెం కాశాడు. మొత్తం పదిహేను వందలని తనే చెప్పాడు. 2022 మార్చి 7న నిరవధికంగా, తక్కువలో తక్కువ ఒక సీజన్ సస్పెండ్ చేశారు, సరిగ్గా ఏడాదికి మళ్ళీ తీసుకున్నారు. పందేల విషయంలో లీగ్, అంటే ఈ జట్లన్నీ ఆడే ఎన్‌ఎఫ్‌ఎల్, గీసిన గీత బండగా, స్పష్టంగా ఉంటుంది. ఆట ముందే అమ్ముడుపోయిందన్న అనుమానం ప్రేక్షకుడికి వస్తే లీగ్ కొట్టే మూతపడుతుంది. వ్యక్తిగత ప్రవర్తనకి నియమావళి వేరు, దారి వేరు. 2020 ఒప్పందం ప్రకారం లీగూ ఆటగాళ్ళ సంఘమూ కలిసి నియమించిన అధికారి ముందు వింటారు. ఆ అధికారి తప్పు జరిగిందని తేలిస్తే, అప్పీలు లీగ్ అధిపతి అయిన కమిషనర్ దగ్గరికో ఆయన నియమించినవారి దగ్గరికో వెళుతుంది.

వాట్సన్ కేసు విన్నది మాజీ జడ్జి సూ రాబిన్సన్. 2022 ఆగస్టు 1న ఆరు గేములన్నారు. లీగ్ కనీసం ఏడాది అడిగింది. ఇంతకు ముందు ఇలాంటివాటికి వేసిన శిక్షలు తక్కువ, ముందు హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా పెంచడం న్యాయం కాదన్నది ఆవిడ తర్కం. లీగ్ అప్పీలు చేసింది, ఆగస్టు 18న పదకొండు గేములు, 5 మిలియన్ల జరిమానా దగ్గర రాజీ కుదిరింది. వదిన ప్రశ్నకి జవాబు ఇదీ: పాత శిక్షలు తేలిగ్గా ఉండబట్టి కొత్త శిక్ష కూడా తేలికైంది. ఆ ఆడవాళ్ళు అబద్ధమాడారని కాదు. అదే నివేదికలో రాబిన్సన్ నలుగురు థెరపిస్టుల విషయంలో నియమావళి ప్రకారం లైంగిక దాడి జరిగిందని లీగ్ నిరూపించిందని తేల్చారు, చాలా గట్టి మాటలే వాడారు. వాట్సన్ మాత్రం మొదటినుంచీ తను తప్పు చేయలేదనే అంటున్నాడు.

"కోర్టే వదిలేసింది" అన్నారు. కోర్టు విచారణే జరగలేదు. 2022 మార్చిలో టెక్సస్‌లో రెండు గ్రాండ్ జ్యూరీలు క్రిమినల్ అభియోగం మోపకూడదని నిర్ణయించాయి. అది నిర్దోషి అన్న తీర్పు కాదు, విచారణకి పంపలేదన్న నిర్ణయం. క్రిమినల్ కేసులో సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. లీగ్‌కి అంత అక్కర్లేదు, జరగలేదనడం కంటే జరిగిందనడానికే ఎక్కువ ఆధారం ఉంటే చాలు. 2017లో మీ ఎజెకియెల్ ఎలియట్‌కి కేసు పెట్టకుండానే ఆరు గేములు పడింది ఈ తేడా వల్లే. లీగ్‌కి కౌబాయ్స్ అంటే కక్ష అని మీరు రాసిన దానికి అదే జవాబు.

"డబ్బు కోసం" అన్న మాటకి వద్దాం. క్రిమినల్ తలుపు మూసుకుంటే బాధితులకి మిగిలేది సివిల్ కోర్టు. ఆ కోర్టు ఇవ్వగలిగింది ప్రధానంగా డబ్బే. కాన్సస్ సిటీ జట్టు ఆటగాడు రషీ రైస్ సంగతి మీకు దగ్గరిది: 2024 మార్చి 30న మీ డాలస్ రోడ్డు మీదే రేసు వేగంతో కారు నడిపి జనాన్ని గాయపరిచాడు. 2025లో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, గాయపడ్డవారి వైద్య ఖర్చులు కట్టాడు, లీగ్ ఆరు గేములు వేసింది. అక్కడ డబ్బు తీసుకున్నవాళ్ళని మీరు డబ్బు కోసం వచ్చినవాళ్ళని అనలేదు. ఆ తేడా ఎందుకొచ్చిందో మీరు కాసేపు ఆలోచించాలి.

వాట్సన్‌కి సస్పెన్షన్ వల్ల పోయిన జీతమెంతో కూడా చూడండి. 230 మిలియన్ల పూర్తి గ్యారంటీ కాంట్రాక్టులో మొదటి ఏడాది మూల జీతం 1.035 మిలియన్లే పెట్టారు, మిగిలిందంతా బోనస్. గేముకి పద్దెనిమిదో వంతు చొప్పున, పదకొండు గేములకి పోయింది 6,32,500 డాలర్లు. సస్పెన్షన్ తగిలింది మూల జీతానికి, బోనస్‌కి కాదు. వదినకి కోపం రావడానికి ఈ లెక్క ఒక్కటి చాలు. మీరు ఆట తెలిసిన మనిషి, ఆ లెక్క మీరే ఆవిడకి చెప్పి ఉండవలసింది.

వదిన రోజూ మూసిన గదిలో, తెలియని మనుషుల ఒంటి మీద చేయి వేసి పని చేసే మనిషి. అలాంటి పనిలో ఏదైనా జరిగితే సాక్షి ఉండరు, తన మాటే సాక్ష్యం. మీరు ఒక ఆటగాడి గురించి మాట్లాడాననుకున్నారు. "రేపు నీకేమైనా జరిగితే నేను నమ్మను" అని ఆవిడకి వినపడింది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మీ ఆవిడ చేత చెప్పించడం అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే నష్టం కూడా అదే. అక్కాచెల్లెళ్ళ మధ్య ఆవిడ మీ వకీలు అవుతారు. వదిన "సరేలే" అంటారు, మనసులో ఉన్నది అలాగే ఉంటుంది, మీ ఆవిడ ముభావం ఇంకో ఆరు నెలలు సాగుతుంది. శ్రావణమాసం పేరంటానికో వినాయక చవితికో కలిసినప్పుడు మామూలుగా మాట కలపడం రెండో దారి. మన ఇళ్ళల్లో ఎక్కువగా జరిగేది ఇదే. పైకి అంతా సర్దుకుంటుంది, కాని వదిన మీ ముందు ఇంకెప్పుడూ ఏ ప్రశ్నా అడగరు. గ్రూపులో సారీ పెట్టడం మూడోది. పన్నెండు మంది చూస్తుండగా ఆవిడ క్షమించి తీరాలి. దయచేసి అది చెయ్యకండి.

నేరుగా ఫోన్ చేయడం, లేదా ఫోన్ చేసి రావచ్చా అని అడిగి వెళ్ళడం మిగిలింది. ఇవి కష్టం, ఆవిడ మాట్లాడకపోవచ్చు కూడా. ఇర్వింగ్ నుంచి కేటీకి నాలుగు గంటలు. చెప్పకుండా వెళితే గుమ్మంలో నిలబెట్టి ఇరుకున పెట్టినట్టవుతుంది. ఫోన్ చేస్తే మాట చిన్నదిగా ఉండాలి: "వదినా, ఆ రాత్రి నేనన్న మాట తప్పు. కోర్టు వదిలేసిందన్నది కూడా నిజం కాదు, చదివి తెలుసుకున్నాను. మీరు అడిగింది సరైన ప్రశ్న. పిల్లల ముందు మిమ్మల్ని అలా అన్నందుకు క్షమించండి." ఇంతే. "కాని" అన్న మాట రాకూడదు. అన్నయ్య రెచ్చగొట్టారని చెప్పకూడదు. మీ పనిలో అలాంటివి జరుగుతాయా అని అడగకూడదు, చెప్పాలనిపిస్తే ఆవిడే చెబుతారు. ఆవిడ మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని మీరు నింపకండి.

శిక్షల గురించి అభిప్రాయం చెప్పకూడదా అన్నారు. చెప్పండి. ఎన్ని గేములు, జీతం ఎంత పోవాలి, అప్పీలు కమిషనర్ చేతిలో ఉండటం న్యాయమా, వీటి మీద తెల్లవార్లూ వాదించుకోవచ్చు. ఫిర్యాదు చేసినవాళ్ళ మనసులో ఏముందో మాత్రం మీకు తెలియదు. ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా ఆట ఉండదు, అభిమానులకి నమలడానికి ట్రేడ్లూ సస్పెన్షన్లే మిగులుతాయి. శిక్షల ప్రకటనలు జులై, ఆగస్టుల్లో ఎక్కువగా వస్తుంటాయి కాబట్టి ఈ మాట మళ్ళీ లేస్తుంది.

మీ అబ్బాయి ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. మీరన్న మాట విన్నవాడు, అది తప్పని మీరనుకుంటున్నట్టు కూడా మీ నోటినుంచే వినాలి. వదినకి ఫోన్ చేసిన రోజే, కారులో వెళుతూ రెండు నిమిషాల్లో చెప్పెయ్యండి. గ్రాండ్ జ్యూరీ తేడా కూడా చెప్పండి, పదిహేనేళ్ళకి అర్థమవుతుంది.

ఫాంటసీ లీగ్ వదలక్కర్లేదు. కమిషనర్ పని మాత్రం ఈ ఏడాది మీ ఇద్దరికీ కాని మూడో మనిషికి ఇస్తే మేలు. మీరే ఉంటే అన్నయ్య చేసే ప్రతి ట్రేడ్ మీదా మీ నిర్ణయం పగలాగే కనిపిస్తుంది. డ్రాఫ్ట్‌కి ముందే రెండు నియమాలు రాసి పెట్టుకోండి: ఇద్దరు కుమ్మక్కయ్యారన్న ఆధారం ఉంటే తప్ప ట్రేడ్ రద్దు చెయ్యకూడదు, సస్పెన్షన్‌లో ఉన్న ఆటగాడిని గాయపడ్డవాళ్ళ స్థానంలో పెట్టుకోవచ్చో లేదో ముందే తేలాలి. ఇవి సీజన్ మధ్యలో తేల్చుకుందామంటే తేలవు. అన్నయ్యకి డ్రాఫ్ట్ తేదీ పంపండి, కాని వదినకి ఫోన్ చేశాకే. ముందు పంపితే మీకు లీగే ముఖ్యమనిపిస్తుంది.

ఆ స్టీలు డబ్బా సంగతి. కొరియర్‌లో పంపకండి, మీ ఆవిడ చేతికిచ్చి పంపకండి. వదిన రమ్మన్న రోజున మీరే పట్టుకెళ్ళండి. ఖాళీగా మాత్రం ఇవ్వకండి.